అనుభవానికి శాలువా కప్పే పద్ధతి

ఫిబ్రవరి ఆఖరి వారం వచ్చిందంటే సీనియర్ స్త్రీవాదులకు ఎక్కడలేని గిరాకీ మొదలవుతుంది. పదకొండు నెలలపాటు ఫోన్ ఎత్తని వాళ్లంతా "మేడమ్, మీ అనుభవాలు యువతకి పంచాలి" అంటూ లైన్లోకి వస్తారు. మార్చి 8న ఒక్కొక్కరు రెండు మూడు సభలకు పరుగులు తీస్తారు. తొమ్మిదో తేదీ నుంచి వాళ్ల నంబర్లు మళ్లీ ఎవరికీ గుర్తుండవు. ఎవరికీ ఇబ్బంది లేని చక్కని ఏర్పాటు ఇది. దీన్ని చెడగొట్టే పనులు ఈ మధ్య మొదలయ్యాయి కాబట్టి, సభలు నడపడంలో కాస్త చేయి తిరిగినవాడిగా నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత.

యువ కార్యకర్తలు పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోవాలి. అందులో నాకు రెండో మాట లేదు. నా బెంగల్లా, వాళ్లు నిజంగానే నేర్చుకుంటారేమోనని.

సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన దూబగుంట సంగతే తీసుకోండి. దాన్ని ముందుండి నడిపిన రోశమ్మ ఫొటోకి దండ వేస్తాం, 1992 అంటాం, చీపుళ్లు, రోకళ్లు పట్టుకున్న ఆడవాళ్ల బొమ్మ ఒకటి ఫ్లెక్సీ మీద వేయిస్తాం. అక్కడితో ఆగాలి. ఈ పెద్దావిడలు ఆగరు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా గురించి పాఠం చదివి, పలక పక్కన పెట్టి దుకాణం మీదికి ఎలా వెళ్లారో మొదలుపెడతారు. అదైనా ఫర్వాలేదు, వినడానికి బాగానే ఉంటుంది. తర్వాత వేలంపాటల దగ్గరికి వస్తారు. నెల్లూరు జిల్లాలో సారా వేలం జరిగే చోటుకే ఆడవాళ్లు గుంపులుగా వెళ్లి అడ్డంపడ్డారనీ, పాట వాయిదాల మీద వాయిదాలు పడిందనీ, తాగే మొగుణ్ణి మాత్రమే తిడితే లాభం లేదని, అమ్మేవాడినీ ఆ డబ్బుకి అలవాటు పడ్డ ఖజానానీ పట్టుకున్నారనీ వివరిస్తారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది అందుకేనంటారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చిందనీ, 1997లో దాన్ని సడలించారనీ కూడా దాచరు. అప్పుడు వెనక వరసలోంచి ఏదో ఒక పిల్ల లేచి, ఇప్పుడు మద్యం మీద ప్రభుత్వానికి ఎంత వస్తోందండీ అని అడుగుతుంది. వేదిక మీదున్న ప్రజాప్రతినిధికి దగ్గు వస్తుంది. మంచినీళ్ల సీసా కోసం పరిగెత్తేది ఎవరు? నిర్వాహకుడే కదా.

ఈ నిర్వాహకుల కష్టాలు ఈనాటివి కావు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ల అమ్మాయిని వాలంటీరుగా నిలబెట్టారు. వచ్చినవాడు జవాహర్‌లాల్ నెహ్రూ. టికెట్ లేదని ఆ పిల్ల ఆయన్ని లోపలికి వెళ్లనివ్వలేదు. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే దారి ఇచ్చింది. తర్వాత ఆవిడే దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయింది, ఆంధ్ర మహిళా సభ పెట్టింది, అది వేరే విషయం. మా వృత్తికి అంతకన్నా అవమానం ఇంకోటి జరగలేదు. ఈ కథ కూడా సభల్లో చెప్పకుండా ఉంటే మంచిది. మా వాలంటీర్లు వింటే ముఖ్య అతిథి వెంట వచ్చే ఇరవైమందిని భోజనాల హాలు దగ్గర కూపన్లు అడుగుతారు.

ఆస్తి విషయం అసలే ఎత్తకూడదు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1985లోనే కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చిందనీ, కేంద్రం అదే పని 2005లో గానీ చేయలేకపోయిందనీ చెబితే మనకూ గర్వమే, చప్పట్లు కొట్టిస్తాం. కిందటేడు ఒక పెద్దావిడ అక్కడితో ఊరుకోలేదు. "మీ ఇళ్లల్లో అక్కచెల్లెళ్లు ఎంతమంది పసుపు కుంకుమల కింద ఒక చీర పుచ్చుకుని సంతకాలు పెట్టేసి వచ్చారో చేతులెత్తండి" అన్నారు. హాల్లో చేతులు లేస్తూనే ఉన్నాయి. ముఖ్య అతిథి గారికి అప్పుడే వేరే కార్యక్రమం గుర్తొచ్చింది. ఆయన చెల్లెలు రెండో వరసలో కూర్చుని ఉంది.

అయితే అసలు ప్రమాదం వేదిక మీద లేదు, భోజనాల దగ్గర ఉంది. నా కళ్లారా చూసిందే చెబుతాను. అదే సభలో ఇంకో పెద్దావిడ ఉన్నారు. ఏళ్ల తరబడి కౌన్సెలింగ్ కేంద్రం నడిపిన మనిషి. స్థానిక నేతల ప్రసంగాలు అయ్యేసరికి ఆవిడకు రెండు నిమిషాలు మిగిలాయి, అందులో సగం మైకు సరిచేయడానికి పోయింది. శాలువా కప్పాం, మెమెంటో ఇచ్చాం, మా వైపు లోటేమీ లేదు. ఫొటో కోసం పిలుద్దామని వెళ్తే, చేతిలో పెరుగన్నం ప్లేటుతో, ఆఫీసులో వేధింపులు ఎదుర్కొన్న ఒక అమ్మాయితో మాట్లాడుతున్నారు.

"కంప్లైంట్ ఎవరికిచ్చావమ్మా?"

"హెచ్ఆర్ సార్‌కి చెప్పానండీ."

"నోటితోనా? అది లెక్కలోకి రాదు. రాసివ్వు. ఆరు కాపీలు. సాక్షుల పేర్లు, మెసేజీల ప్రింట్లు జత చెయ్. ముట్టినట్టు తేదీ వేయించి సంతకం తీసుకో. జరిగి ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు దాటిందండీ."

"మూడు నెలల్లోపు ఇవ్వాలి. ఆలస్యమైతే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు గానీ ఆ తంటా ఎందుకు, సోమవారమే ఇచ్చెయ్. అసలు మీ ఆఫీసులో కమిటీ ఉందా?"

"గోడ మీద కాగితం ఉందండీ."

అమ్మాయి ఫోన్లో ఆ కాగితం ఫొటో చూపించింది. ఆవిడ కళ్లజోడు పైకి తోసి ఒక్కో పేరూ చదివించారు. అధ్యక్షురాలు ఉద్యోగం మానేసి రెండేళ్లయిందట. బయటి సంస్థ నుంచి ఉండాల్సిన సభ్యురాలు ఎండీ గారి వదినట. పదిమంది పనిచేసే ప్రతిచోటా కమిటీ ఉండాలని పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం చెబుతోందనీ, పెట్టకపోతే యాభై వేల దాకా జరిమానా అనీ, విచారణ 90 రోజుల్లో తేల్చాలనీ ఆవిడ మా ఆహ్వాన పత్రిక వెనకవైపు రాసిచ్చారు. ఖరీదైన పేపరు మీద బంగారు రంగు అక్షరాలతో అచ్చువేయించిన పత్రిక అది! ఇరవై నిమిషాలు నిలబడి విన్నాను. "సాధికారత" అన్న మాట ఒక్కసారి కూడా వినపడలేదు.

నేర్పడం అంటే ఇదా అండీ? స్ఫూర్తి ఎక్కడ? మన సంస్కృతిలో గురువు ఎత్తున కూర్చుంటాడు, శిష్యులు కింద కూర్చుంటారు. ఇద్దరూ పెరుగన్నం తింటూ సెక్షన్లు మాట్లాడుకుంటే ఇక ఉద్యమానికి గౌరవం ఏముంటుంది?

పెద్దావిడలందరూ ఇలాగే ఉంటారని కాదు. మాకు ఎంతో సహకరించేవాళ్లూ ఉన్నారు. "మా రోజుల్లో ఫోన్లు లేవు, అయినా..." అని మొదలుపెట్టి సభ సమయం మొత్తం తామే భరిస్తారు. ప్రశ్నలకు చోటుండదు, మాకు టెన్షన్ ఉండదు. కొందరైతే తొంభైల్లో ఏదో చీలిక వచ్చినప్పటినుంచి ఒకరితో ఒకరు మాట్లాడరు. వాళ్లను పక్కపక్క కుర్చీల్లో వేస్తే సభ ప్రశాంతంగా సాగిపోతుంది. ఆ తొంభైల్లోనే దళిత స్త్రీలు వచ్చి, మీరు చెప్పే స్త్రీలలో మేమెక్కడున్నామని వీళ్లను నిలదీశారు. అంటే పాఠం కింది నుంచి పైకి కూడా వెళ్తుందన్నమాట. ఇది పిల్లలకు తెలిస్తే వేదిక అన్నదానికే అర్థం ఉండదు.

పిల్లల సహకారమూ మరువలేనిది. వాళ్లు ఒక అన్యాయం మీద మూడు రోజులు హ్యాష్‌ట్యాగ్ నడుపుతారు, నాలుగో రోజు ఇంకో అన్యాయం దొరుకుతుంది. ఎవరి పనికీ అంతరాయం లేదు. ఇలాంటి వాళ్లకు మథుర కేసు కథ చెప్పడం భావ్యమేనా? పోలీస్ స్టేషన్లో అత్యాచారానికి గురైన ఆదివాసీ పిల్ల కేసులో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, మరో ఇద్దరు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో కోర్టుకే బహిరంగ లేఖ రాశారు. ఊరూరా సంఘాలు రోడ్డెక్కాయి. చట్టం మారింది 1983లో. నాలుగేళ్లు! ఒకే విషయం మీద నాలుగేళ్లు కూర్చోవచ్చని తెలిస్తే ఈ పిల్లలు కూర్చున్నా కూర్చుంటారు.

అందుచేత ఈ ఏడాది మేం కొన్ని జాగ్రత్తలు తీసుకుంటున్నాం. పెద్దావిడలకు భోజనం వీఐపీ గదిలో, ముఖ్య అతిథితో కలిపి. యువతకు బయట ప్యాకెట్లు. ప్రశ్నలు ముందుగా చీటీల మీద రాసిస్తే, సర్పంచి గారి భర్త వాటిని పరిశీలిస్తారు. సర్పంచి గారు వంటల దగ్గర ఉంటారు. ఆహ్వాన పత్రికలు రెండువైపులా లామినేషన్ చేయిస్తున్నాం, పెన్ను పట్టదు.

కిందటేటి ఆ అమ్మాయిని యాంకరింగ్‌కి పిలిచాను, గొంతు బాగుంది కదా అని. రిహార్సల్‌కి తీరిక లేదంది. తన వ్యవహారం తేలిపోయిందట గానీ, పక్క సెక్షన్లో ఇంకో అమ్మాయి కంప్లైంటుకి ఆరు సెట్లు జిరాక్స్ తీయించాలట.