అవునండీ, నాకు కావలసినవే వినపడతాయి

నిన్న మా పిన్ని వాళ్ల గృహప్రవేశం. భోజనాల దగ్గర వెనక నుంచి ఎవరో "పులిహోర వేయమంటావా" అని రెండుసార్లు అడిగారట, నేను పలకలేదట. కాసేపయ్యాక వంటింట్లో పిన్ని నా గాజుల గురించి మెల్లగా ఏదో అంటే టక్కున జవాబు చెప్పాను. అంతే, "దీనికి కావలసినవి మాత్రం భలే వినపడతాయే!" అని ఒకరు, పడీ పడీ నవ్వడానికి మిగతా అందరూ.

ఈ డైలాగు ఒక్కసారి కూడా పడని చెవిటివాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి, దండ వేస్తాను.

వంటింట్లో పిన్ని నాకు ఎదురుగా ఉంది. చప్పుడు లేదు. చిన్నప్పటి నుంచి ఎరిగిన గొంతు. సగం శబ్దం అందితే మిగతా సగం నా మెదడు పూరించుకుంది. బయట షామియానా కింద మైకు, పిల్లల అరుపులు, గిన్నెల మోత, పైగా అడిగింది నా వీపుని! పూరించుకోవడానికి అక్కడ ఏముంది?

ఒక్కో చెవిలో, లోపల నత్తగుల్లలా ఉండే కాక్లియాలో, శబ్దాన్ని పట్టే రోమకణాలు సుమారు 15,000 ఉంటాయి. పోయినవి మళ్లీ పుట్టవు. చాలామందికి ముందు పోయేవి సన్నటి, కీచు శబ్దాలు పట్టేవి. దాంతో అచ్చులు బాగానే వినపడతాయి కానీ స, త, క లాంటివి జారిపోతాయి. మీరు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలీదు. పోనీ పెదాలు చూద్దామా అంటే పాట, బాట, మాట మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఇక సందర్భాన్ని బట్టి ఊహించుకోవడమే. (కరోనాలో అందరూ మాస్కులు పెట్టుకున్నప్పుడు ఆ పెదాలు కూడా లేవు. ఆ రోజుల్లో నేను బ్యాంకు కౌంటర్ దగ్గర పడ్డ టెన్షన్ దేవుడికే తెలుసు.) ఈ ఊహకి ఊరికే కరెంటు రాదు. ఆలోచనకీ జ్ఞాపకానికీ పనికొచ్చే మెదడు ముందు భాగాలు కూడా వినే డ్యూటీ చేయాల్సి వస్తుంది. సాయంత్రానికి నాకు తల దిమ్మెక్కి ఓ మూల కూర్చుంటే దానికి మా వాళ్లు పెట్టిన పేరు పొగరు.

అసలు భయపెట్టే సంగతి వేరే ఉంది. మెదడులో వినడానికి కేటాయించిన చోటికి చెవి నుంచి సమాచారం తగ్గిపోతే, అది హైదరాబాద్ శివార్లలో ఖాళీ ప్లాటే. చూపు వచ్చి కబ్జా పెడుతుంది. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీలో అను శర్మ గారు ఏళ్ల తరబడి ఇదే పరిశోధిస్తున్నారు. పూర్తి చెవుడే అక్కర్లేదు, "ఆ, కొంచెమే కదా" అని మనం తీసిపారేసే చెవుడులో కూడా ఈ ఆక్రమణ కనిపించింది. పుట్టు చెవుడు ఉన్న పిల్లలకి మూడున్నరేళ్ల లోపే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) పెట్టాలని తొందరపెట్టేది కూడా ఇందుకే. ఏడేళ్లు దాటితే మెదడు అందుకోవడం చాలా కష్టం. పెద్దవాళ్ల విషయంలో, ఆరు నెలలు చెవి మిషన్ సరిగ్గా వాడితే ఆ కబ్జా వెనక్కి తగ్గిందని 2020లో ఆవిడ బృందమే ప్రచురించింది.

ఆరు నెలలండీ! మా బాబాయి ఆరు రోజులు కూడా ఆగలేదు. "అంత డబ్బు పోసి కొన్నావుగా, ఇంకా ఏంటీ ఆఁ ఆఁ అంటావు?" కళ్లజోడు పెట్టుకోగానే అక్షరాలు కనపడినట్టు అనుకుంటారు. మిషన్ పెట్టుకున్న కొత్తలో ఫ్యాను, పాలిథిన్ కవరు, నా చెప్పుల చప్పుడు అన్నీ నెత్తి మీద పడ్డాయి. ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో మెదడు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అన్నట్టు, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ (శబ్దానికి కొలత) వినికిడి పోతేనే వైకల్యం కింద లెక్క. నాది అంతకంటే తక్కువ. అంటే సర్టిఫికెట్‌కి చాలని చెవుడు, వెక్కిరింపులకి మాత్రం బ్రహ్మాండంగా సరిపోయే చెవుడు.

మిషన్ అంటే గుర్తొచ్చింది. నా పెళ్లిచూపుల రోజు దాన్ని తీసి సొరుగులో పడేసింది మా పెద్ద మేనత్తే. కళ్లజోడు ఉంచుకోవచ్చట, చదువుకున్న పిల్లలా కనపడతానట. మిషన్ మాత్రం వంశానికే మచ్చట. అబ్బాయి తల్లి ఏదో అడిగింది, నేను ఇంకేదో చెప్పాను, ఆ సంబంధం పోయింది. "మాట తీరు తెలీదు పిల్లకి" అని ఊరంతా చెప్పింది కూడా ఈవిడే. మిషన్ ఉంటే తెలిసేది కదా అత్తా!

ఇప్పుడు ఆవిడకే వినపడట్లేదు. వీధి చివరి దాకా సీరియల్ వినిపిస్తుంది. డాక్టరు రాస్తే మిషన్ కొనుక్కుంది, బీరువాలో చీరల మధ్య దాచింది. పోయిన వారం ఫోన్ చేసి, దానికి బ్యాటరీలు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. నాలుగుసార్లు అరిచి చెప్పాను. "ఎవరికీ చెప్పకే" అంది.

చెప్పను అత్తా. ఫేస్‌బుక్‌లో మాత్రమే రాశాను.