వెటకారం ఎవరిని ఒప్పిస్తుంది?

రాజకీయ డాక్యుమెంటరీల గురించి ఒక మాట తెగ షేర్ అవుతోంది. ‘వెటకారాన్ని మించిన ఆయుధం లేదు. నవ్వుతున్న మనిషి ఎదురు వాదించడు కాబట్టి నిజం సులువుగా బుర్రకెక్కుతుంది. మైకేల్ మూర్ సినిమాలే సాక్ష్యం. వెటకారం అందరికీ అర్థమవుతుంది, సీరియస్‌గా చెబితే ఎవరూ చూడరు.’ వినడానికి బాగానే ఉంది. కానీ అవతలి పక్షం మనిషిని నిజంగా ఒప్పించాలనుకునేవాళ్లు దీన్ని నమ్ముకుంటే నష్టపోతారని నా గట్టి అభిప్రాయం.

ముందు ఈ మూర్ అనే అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడి సంగతి చూద్దాం. ఆయన ‘ఫారెన్‌హీట్ 9/11’ 2004లో కాన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలిచింది. ఒక్క ఉత్తర అమెరికాలోనే దాదాపు 12 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ మీద, ఆయన చేసిన ఇరాక్ యుద్ధం మీద విమర్శ అది. ఆ ఏడాది ఎన్నికల్లో బుష్ ఓడిపోవాలన్న కోరికను మూర్ దాచుకోలేదు. అదే ఏడాది నవంబరులో బుష్ మళ్లీ గెలిచాడు. ఎన్నిక ఫలితానికి వంద కారణాలుంటాయి, దాన్ని సినిమా నెత్తిన వేయడం అన్యాయం. అయితే వసూళ్లను చూపించి ‘జనం ఒప్పుకున్నారు’ అనడం కూడా అంతే తప్పు. టికెట్ కొన్నవాళ్లు ముందు నుంచీ ఏ పక్షమో వసూళ్లు చెప్పవు.

ఆ సినిమాలోనే రెండు చోట్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట బుష్ గోల్ఫ్ మైదానంలో నిలబడి, ఉగ్రవాదులను ఆపాలని ప్రపంచ దేశాలను కోరతాడు. ఆ వెంటనే ‘ఇప్పుడు నా షాట్ చూడండి’ అని బంతి కొడతాడు. అక్కడ ఎవరూ వెక్కిరించక్కర్లేదు, మనిషే కనబడుతున్నాడు. ఇంకోచోట ఇరాక్ యుద్ధానికి అమెరికాతో కలిసిన దేశాల మీద వెటకారం నడుస్తుంది. పలావు, కోస్టారికా, ఐస్‌లాండ్ లాంటి చిన్న దేశాల పేర్లు వినిపిస్తాయి. వేల మంది సైనికులను పంపిన బ్రిటన్ పేరు మాత్రం ఆ వరుసలో ఉండదు. ఎందుకంటే బ్రిటన్ అన్న క్షణంలో జోకు చచ్చిపోతుంది. వెటకారంతో అసలు చిక్కు ఇదే. నవ్వు పండాలంటే ఇబ్బంది పెట్టే వాస్తవాన్ని తప్పించాలి. ఆ ఖాళీని మనవాళ్లు గమనించరు. మనం ఒప్పించాల్సిన మనిషి మాత్రం వెంటనే పట్టేస్తాడు, ఆ తర్వాత మనం చెప్పే నిజాలను కూడా అనుమానంగానే చూస్తాడు.

నవ్వితే వాదించడన్న మాటలో సగం నిజముంది. అమెరికన్ పరిశోధకురాలు రాబిన్ నబీ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో హాస్యంతో చెప్పిన సందేశాలకు ఎదురు వాదన తగ్గింది. కానీ ‘ఇది జోకేలే’ అని పక్కన పెట్టేయడం పెరిగింది. పైగా హాస్యం వేరు, ఎత్తిపొడుపు వేరు. ఒక నాయకుడికి ఓటేసిన మనిషి, ఆ నాయకుడి మాటల కింద కామెడీ సంగీతం వినగానే, వెక్కిరిస్తున్నది తననే అనుకుంటాడు. నేనైనా అలాగే అనుకుంటాను.

వెటకారం అందరికీ అర్థమవుతుందా? అమెరికన్ కమెడియన్ స్టీఫెన్ కోల్బెర్ తన టీవీ షోలో మితవాద (రైట్ వింగ్) వ్యాఖ్యాతలా నటిస్తూ వాళ్లనే వెక్కిరించేవాడు. దాన్ని ఎవరెలా అర్థం చేసుకున్నారో 332 మందితో చేసిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది. అతను తమాషా మనిషా కాదా అన్న విషయంలో రెండు పక్షాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కానీ మితవాద ప్రేక్షకులు, పైకి జోకులేస్తున్నా లోపల అతను ఆ మాటలనే నమ్ముతున్నాడని ఎక్కువగా అనుకున్నారు. ఎవరు చూడాలనుకున్నది వాళ్లే చూసుకున్నారు.

చివరిది, సీరియస్‌గా ఉంటే ఎవరూ చూడరన్నది. వెటకారం ఎక్కువమందిని థియేటర్‌కు రప్పించగలదు, కాదనను. ఒప్పించడం వేరే పని. ఎరోల్ మోరిస్ అనే మరో అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు 1988లో ‘ది థిన్ బ్లూ లైన్’ తీశాడు. డల్లాస్‌లో ఒక పోలీసు హత్య కేసులో మరణశిక్ష పడి, తర్వాత అది యావజ్జీవంగా మారిన రాండల్ ఆడమ్స్ కథ అది. ఎన్నికల రాజకీయం కాకపోయినా, ప్రభుత్వ వ్యవస్థను నిలదీసిన సినిమానే. అందులో వ్యాఖ్యాత గొంతే ఉండదు. పోలీసులు, న్యాయవాదులు, సాక్షులు ఎవరికి వాళ్లే మాట్లాడతారు. ఆఖరి సన్నివేశంలో తెర మీద ఒక టేప్ రికార్డర్ తప్ప ఇంకేమీ లేదు. ఆడమ్స్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన వ్యక్తే, ఆడమ్స్ నిర్దోషి అని, ఆ సంగతి తనకు తెలుసని చెప్పడం ఆ టేపులో వినిపిస్తుంది. దాని మీద మోరిస్ ఒక్క వ్యాఖ్య కూడా చేయలేదు. మరుసటి ఏడాది ఆడమ్స్ జైలు నుంచి బయటికొచ్చాడు.