రెండు రౌటర్ల మధ్య రాయబారం

2022 ఏప్రిల్ 4న తిరుపతి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది కనుక, బైరాగిపట్టెడలోని అల్లుడుగారి ఇంటికీ చిత్తూరు గ్రీమ్స్‌పేటలోని మామగారి ఇంటికీ నడుమ జరిగే ప్రతి వ్యవహారమూ ఇప్పుడు అంతర్‌జిల్లా వ్యవహారమే. అందువల్ల ఆ రెండిళ్ల రౌటర్ల మధ్య పాస్‌వర్డ్ అవసరం లేని ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని యంత్రంలోకి రహస్య లిపిలో లాగిన్ అయ్యే పద్ధతి) ఏర్పాటు చేయబూనిన అల్లుడుగారి ప్రయత్నాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరాదని మనవి.

గ్రీమ్స్‌పేట రౌటర్ మొరాయించినప్పుడు మామగారు ప్లగ్గు పీకి, గోవింద నామం నాలుగుసార్లు తలచుకుని, మళ్లీ పెడతారు, అది బాగవుతుంది. ఈ పద్ధతిలో శాస్త్రీయత లేదన్నది అల్లుడుగారి అభియోగం. (నా మొగ్గు మామగారి వైపే.) ఆయన కోరికల్లా, తాను తిరుపతిలో కూర్చునే ఆ రౌటర్‌ను రీబూట్ చేయాలి, దాని సెట్టింగుల బ్యాకప్ రోజూ అర్ధరాత్రి తనంతట తానే ఇటు వచ్చి చేరాలి. ఆ వేళ పాస్‌వర్డ్ కొట్టడానికి మనిషి మేలుకుని ఉండడు కనుక కీ జంట, అంటే తాళంచెవిలా దాచుకునే ప్రైవేట్ కీ, దానికి సరిపోయే తాళంలా ఎదుటివారికిచ్చే పబ్లిక్ కీ, అనివార్యమైంది.

నెట్‌వర్క్‌లో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు కాజేసిన ఒక దాడి తర్వాత, 1995లో ఫిన్లాండ్‌లో టాటూ యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను రాశాడు. మన దొంగలకు అంత శ్రమ అక్కర్లేదు. మామగారి హాల్లో దేవస్థానం క్యాలెండర్ మీద, పాల లెక్కకు పైన, గ్యాస్ బుక్ చేసిన తేదీకి కింద, వైఫైకీ రౌటర్‌కూ కలిపి పెట్టుకున్న ఒకే పాస్‌వర్డ్ ఎర్ర బాల్‌పెన్నుతో, సున్నా ఏదో ఓ ఏదో తెలిసేలా సున్నాకు అడ్డగీత కొట్టి మరీ రాసి ఉంటుంది.

రెండు పెట్టెల్లోనూ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే రౌటర్ ఆపరేటింగ్ సిస్టమ్, అందులో డ్రాప్‌బేర్ అనే చిన్న ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ ఉన్నాయి. ప్రైవేట్ కీ తిరుపతి రౌటర్ దాటి పోరాదు. పబ్లిక్ కీ మాత్రం చిత్తూరు రౌటర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైలులో (లోపలికి రానివ్వదగిన కీల జాబితాలో) మధ్యలో విరగకుండా ఒకే వరుసగా పడాలి. ఆ ఫైలు యజమాని తప్ప ఇతరులు కూడా రాయగలిగేలా ఉంటే డ్రాప్‌బేర్ ఆ కీని గుర్తించనే గుర్తించదు కనుక అనుమతి 600గా (యజమాని మాత్రమే చదివి, రాయగలిగేలా) ఉంచాలి. ఇంత చేశాక కూడా తిరుపతి చిత్తూరులోకి వెళ్లగలదే గానీ చిత్తూరు తిరుపతిలోకి రాలేదు. అందుకు వేరే కీ జంట కావాలి. అత్తవారింటికి అల్లుడు ఎప్పుడైనా వెళ్లవచ్చునన్న మర్యాదను యంత్రాలు కూడా పాటించడం హర్షణీయం.

అసలు గాంభీర్యమంతా మొదటిసారి కలిసినప్పుడే ఉంది. ఎదుటి యంత్రం ఎవరో తనకు తెలియదని రౌటర్ నిజాయితీగా ఒప్పుకుని, దాని వేలిముద్రను (ఆ యంత్రపు కీని గుర్తుపట్టే అక్షరాల వరుసను) తెర మీద చూపి, ముందుకు వెళ్లమంటారా అని అడుగుతుంది. అత్తగారికి ఫోన్ చేసి అక్కడి ముద్రను అక్షరం అక్షరం చదివించుకుని సరిపోల్చుకోవాలని నియమం. పెళ్లి సంబంధమంటే మేనత్త తోడికోడలి ఊరు దాకా వెళ్లి వాకబు చేసే వంశంలో పుట్టిన అల్లుడుగారు, ఇక్కడ మాత్రం ప్రశ్న పూర్తిగా తెర మీదికి రాకముందే ‘వై’ నొక్కేశారు. ఆ క్షణం నుంచి అవతల ఉన్నది ఎవరైనా సరే, ఈ రౌటర్‌కు అదే మామగారి ఇల్లు.

ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన అడ్రస్ 100.64తో మొదలయ్యే, ఎందరో ఖాతాదారులు ఒకే బయటి అడ్రస్‌ను పంచుకునే ఉమ్మడి కాపురమైనందున బయటి నుంచి తలుపు తట్టే దారే లేక, రెండు రౌటర్లను కలిపే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగమూ, దానికోసం ఊరు కాని ఊరిలో ఒక అద్దె సర్వరూ వచ్చి చేరాయి. మామగారి ప్లగ్గుకు నెలవారీ అద్దె ఉండేది కాదు.

చివరికి పాస్‌వర్డ్ లాగిన్‌ను రెండు రౌటర్లలోనూ శాశ్వతంగా నిలిపివేసి, ఇక కీ లేనివాడు బ్రహ్మదేవుడైనా లోపలికి రాలేడని అల్లుడుగారు ప్రకటించారు. రౌటర్ రీసెట్ అయితే కీ పోతుందన్న దూరదృష్టితో ప్రైవేట్ కీ ప్రతిని కుటుంబ వాట్సాప్ గ్రూపులో భద్రపరిచారు. పెదమామగారు దానికి రెండు చేతులా నమస్కారం పెట్టి, ఏదో మంత్రమనుకుని, రిటైరైన ఉద్యోగుల గ్రూపుకూ అపార్ట్‌మెంటు గ్రూపుకూ ఫార్వర్డ్ చేశారు.