కయీను శాపం నుంచి పూర్వజన్మ దాకా: మోర్మన్ చర్చి 126 ఏళ్ళు వెతుక్కున్న కారణాలు

1847 మార్చిలో, అమెరికాలో పుట్టిన మోర్మన్ అనే క్రైస్తవ శాఖ నాయకుడు బ్రిగమ్ యంగ్ అన్న ఒక మాట రికార్డుల్లో ఉంది. మనకున్న మంచి ఎల్డర్లలో (యాజకత్వంలో అదొక హోదా) ఒకాయన ఆఫ్రికన్, లోవెల్‌లో ఉంటాడు అని. అది వాకర్ లూయిస్ గురించి, మాసచూసెట్స్‌లో మంగలి షాపు నడుపుకునే నల్లజాతి మనిషి. ఐదేళ్ళు తిరక్కుండానే, 1852 ఫిబ్రవరిలో, అదే బ్రిగమ్ యంగ్ యూటా శాసనసభలో నిలబడి ఆఫ్రికా రక్తం ఉన్నవాడెవడికీ యాజకత్వం, అంటే దేవుడి పేరున కర్మలు చేసే అధికారం, దక్కదు, అది బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కయీను మీద దేవుడు పెట్టిన శాపం అని తేల్చేశాడు. ఈ మధ్యలో దేవుడేమైనా దిగొచ్చి చెప్పాడా అంటే, ఫలానా రోజు ఫలానా దర్శనం వచ్చింది అనే కాగితం చరిత్రకారులకి ఇప్పటిదాకా ఒక్కటి కూడా దొరకలేదు.

దొరికినవి వేరే ఉన్నాయి. లూయిస్ కొడుకు ఒక తెల్లమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడన్న కబురు 1847 చివర్లో పెద్దల చెవిన పడింది, వాళ్ళు మండిపడ్డారు. దక్షిణాది రాష్ట్రాల నుంచి చర్చిలో చేరినవాళ్ళు కొందరు తమ బానిసల్ని వెంటబెట్టుకుని యూటాకి వచ్చారు, 1847లో సాల్ట్ లేక్ లోయలో అడుగుపెట్టిన మొదటి బృందంలో గ్రీన్ ఫ్లేక్ అనే బానిస కూడా ఉన్నాడు. 1852లో ఆ శాసనసభ అదే సమావేశాల్లో బానిసత్వానికి చట్టబద్ధత ఇచ్చింది. కాబట్టి నాకు అర్థమైంది ఏంటంటే, ఇక్కడ ముందు రూల్ వచ్చింది, దానికి కావాల్సిన శాస్త్రం ఆ తర్వాత వెతుక్కున్నారు.

యాజకత్వం అంటే మన దగ్గర పాస్టరు ఉద్యోగం లాంటిది అనుకోకండి. మోర్మన్లలో పన్నెండేళ్ళు నిండే ఏడాదిలో ప్రతి మగపిల్లాడికీ అది మామూలుగానే ఇస్తారు, అది లేని మగవాడికి చర్చిలో నాయకత్వ పదవి లేదు, సొంత బిడ్డ తల మీద చెయ్యిపెట్టి దీవించే అర్హత లేదు. పైగా ఆ నిషేధం టెంపుల్‌లో, అంటే ఆదివారం వెళ్ళే మామూలు చర్చి కాకుండా ప్రత్యేకంగా కట్టిన గుడిలో, జరిగే కర్మలకి కూడా వర్తించింది, అంటే నల్లజాతి ఆడవాళ్ళూ బయటే, భార్యాభర్తల బంధం చనిపోయాక కూడా కొనసాగుతుందని వాళ్ళు నమ్మే ఆ పెళ్ళీ లేదు.

జేన్ మ్యానింగ్ జేమ్స్ కథ చూడండి. 1843లో కనెక్టికట్ నుంచి బయల్దేరింది, దారిలో ఛార్జీలు కట్టలేక బోటు ఎక్కే వీలు లేకపోతే కుటుంబంతో కలిసి దాదాపు 800 మైళ్ళు నడిచింది, చెప్పులు అరిగిపోయి పాదాలు పగిలి నేల మీద రక్తపు అడుగులు పడ్డాయని ఆమే చెప్పుకుంది. అప్పట్లో మోర్మన్లు ఉండే నావూ ఊరు చేరి సంస్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఇంట్లో పనికి కుదిరింది. నిన్ను కూతురిగా దత్తత తీసుకుంటాం అని ఆయన భార్య అడిగిందట, అప్పట్లో అర్థంకాక ఈమె సరేననలేదు. తర్వాత యూటాలో ముసలితనం దాకా నన్ను టెంపుల్‌లోకి రానివ్వండి అని అర్జీల మీద అర్జీలు పెట్టింది. చివరికి 1894లో పెద్దలు ఏం చేశారంటే, ఆమెని జోసెఫ్ స్మిత్‌కి శాశ్వతంగా సేవకురాలిగా ముడివేసే ఒక ప్రత్యేక కర్మ తయారుచేశారు, కూతురిగా కాదు. ఆ కర్మకి కూడా ఆమెని లోపలికి పిలవలేదు, మనిషి బతికే ఉంది, అయినా ఆమె బదులు ఒక తెల్లావిడ నిలబడింది. 1908లో ఆమె చనిపోతే మాత్రం అంత్యక్రియల్లో చర్చి అధ్యక్షుడే మాట్లాడాడు.

ఆ అధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్, సంస్థాపకుడి సొంత అన్న కొడుకు. ఎలైజా ఏబెల్ అనే నల్లజాతి వడ్రంగికి 1836లోనే, అంటే సంస్థాపకుడు బతికుండగానే, ఎల్డర్ హోదా ఇచ్చారు. 1879లో దీనిమీద ఆరా తీసినప్పుడు ఏబెల్ దగ్గర సర్టిఫికెట్లు ఉన్నాయి అని ఆయన తరఫున చెప్పింది ఈ జోసెఫ్ ఎఫ్. స్మితే. 1908కి వచ్చేసరికి మాట మార్చేశాడు, ఆ హోదా చెల్లదని సంస్థాపకుడే అప్పట్లో చెప్పాడు అన్నాడు. ఏబెల్ 1884లోనే పోయాడు, ఇక కాదనడానికి ఎవరున్నారు?

కారణాలు కూడా ఇలాగే మారుతూ వచ్చాయి. మొదట కయీను హేబెల్ని చంపాడు కాబట్టి అన్నారు, దానికి నోవహు కొడుకు హాము సంతానానికి శాపం తగిలిందనే కథ తోడైంది. ఇవి మోర్మన్లు కనిపెట్టినవి కూడా కాదు, అమెరికాలో బానిసల యజమానులు అప్పటికే ఆదివారం ఆదివారం వింటున్న ప్రసంగాలే. ఎవడో తాత చేసిన పాపానికి మనవళ్ళని శిక్షించడం ఏం న్యాయం అన్న ప్రశ్న వచ్చేసరికి ఇంకో సిద్ధాంతం ఊపందుకుంది, పుట్టక ముందు ఆత్మలుగా ఉన్నప్పుడు వీళ్ళు దేవుడి పక్షాన గట్టిగా నిలబడలేదు, అందుకే ఈ వంశంలో పుట్టారు అని. ఇది చదివితే మనవాళ్ళకి వెంటనే ఏదో గుర్తు రావాలి. పూర్వజన్మలో చేసుకున్నది, ఈ జన్మలో ఈ కులంలో పుట్టాడు అనే మాట మన ఊళ్ళలో విననిదా? ఎక్కడో యూటా ఎడారిలో, హిందూ మతంతో సంబంధమే లేనివాళ్ళు సరిగ్గా అక్కడికే వచ్చి ఆగారు. ఆ లాజిక్‌కి ఉన్న సుఖం అది, బాధితుడి మీదే తప్పు తోసేయొచ్చు, వాడు కాదని నిరూపించుకోలేడు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. నిషేధం రంగు మీద కాదు, ఆఫ్రికా వంశం మీద. ఫిజీ వాళ్ళకి అడ్డు లేదు, ఆ లెక్కన మన గుంటూరు నుంచో నల్గొండ నుంచో ఎంత నల్లగా ఉన్నవాడు వెళ్ళినా అడ్డు ఉండేది కాదు, అదే బ్రెజిల్లో తెల్లగా ఉన్నవాడికి ముత్తవ్వ ఆఫ్రికా మనిషి అని తేలితే అవకాశం పోయినట్టే. అందుకని అక్కడ మిషనరీలు ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఫ్యామిలీ ఫొటోలు చూపించమని అడిగేవాళ్ళు, మొహాల్లో పోలికలు వెతకడానికి. దక్షిణాఫ్రికాలో అయితే తన వంశం ఆఫ్రికా బయటి నుంచి వచ్చిందని తెల్లవాడే రుజువు తెచ్చుకోవాలి, ఆ రూల్ 1954 దాకా నడిచింది.

1949లో చర్చి పెద్దలు లిఖితపూర్వకంగా ఇది పాలసీ కాదు, దేవుడి ప్రత్యక్ష ఆజ్ఞ అని ప్రకటించారు. 1969లో చర్చి యూనివర్సిటీతో మ్యాచ్‌లో నిరసన తెలపాలనుకున్న 14 మంది నల్లజాతి ఆటగాళ్ళని వయోమింగ్ యూనివర్సిటీ టీమ్ నుంచి తీసేస్తే దేశమంతా గొడవైంది. అయినా చర్చి కదల్లేదు. 1973లో లెస్టర్ బుష్ అనే డాక్టరు, ఆయనా మోర్మనే, పాత కాగితాలన్నీ తవ్వి ఈ నిషేధం మొదలైంది బ్రిగమ్ యంగ్ కాలంలోనే అని ఒక పెద్ద వ్యాసం రాశాడు. 1975లో బ్రెజిల్లోని సావో పాలోలో టెంపుల్ కడతామని ప్రకటించారు, అక్కడ ఎవరి రక్తంలో ఏముందో ఎవరు తేలుస్తారు? 1978 జూన్‌లో అధ్యక్షుడు స్పెన్సర్ కింబల్ తనకి దైవ సందేశం వచ్చిందని నిషేధం ఎత్తేశారు, కొద్ది నెలల్లోనే ఆ టెంపుల్ ప్రారంభమైంది. కింబల్ నిజాయితీగా ప్రార్థించలేదని నేననను, ఆయన ఏళ్ళ తరబడి మథనపడ్డాడనే చెప్తారు. కానీ నిషేధం పెట్టడానికి సందేశం అక్కర్లేకపోయింది, తీయడానికి మాత్రం కావాల్సి వచ్చింది, ఇదెక్కడి లెక్క?

అదే ఏడాది ఆగస్టులో అపొస్తలుడు, అంటే చర్చి అగ్రనాయకుల్లో ఒకడు, బ్రూస్ మెకాంకీ మేం ఇంతకాలం దీనిమీద చెప్పినవన్నీ మర్చిపోండి, అప్పుడు మాకు వెలుగు తక్కువగా ఉంది అన్నాడు. మర్చిపోండి అన్నాడు గానీ ఏది తప్పో చెప్పలేదు. ఆ శాపం, పూర్వజన్మ సిద్ధాంతాలని మేం ఒప్పుకోవడం లేదు అని చర్చి స్పష్టంగా రాసింది 2013 డిసెంబర్లో, అదీ ఎవరి సంతకం లేకుండా వెబ్‌సైట్లో పెట్టిన ఒక వ్యాసంలో. క్షమాపణ సంగతంటారా, 2015లో స్వలింగ సంపర్కుల గురించి చర్చి గతంలో అన్న మాటల మీద అడిగినప్పుడు, చర్చి క్షమాపణలు అడగదు, చెప్పదు అని డాలిన్ ఓక్స్ అనే సీనియర్ నాయకుడు తేల్చేశాడు.

హైదరాబాద్‌లో కూడా ఈ చర్చి ఉంది, ఇండియాలో వాళ్ళ మొదటి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాల్ని కలిపిన విభాగం) 2012లో ఏర్పడింది ఇక్కడే. అందుకే ఇదేదో అమెరికా గొడవ అని వదిలేయలేం. 2020లో ఏం జరిగిందంటే, ప్రపంచవ్యాప్తంగా కుటుంబాలు ఇంట్లో చదువుకునే పాఠ్యపుస్తకంలో నల్లటి చర్మం శాపానికి గుర్తు అనే పాత నాయకుడి వ్యాఖ్య మళ్ళీ అచ్చయ్యింది. పొరపాటున పడిందన్నారు, ఒక అపొస్తలుడు బాధపడుతున్నానని బహిరంగంగా చెప్పాడు, ఆన్‌లైన్ కాపీ మార్చారు. అచ్చు పుస్తకాలు అప్పటికే ఇళ్ళకి చేరిపోయాయి, ఇంట్లో పిల్లలకి ఆ పేజీ చదివి వినిపించే తల్లిదండ్రులు 2013 నాటి ఆ వెబ్‌సైట్ వ్యాసం చదివారో లేదో ఎవరికీ తెలీదు.