అది కాపీ పాట కాదు, అసలు పాటే అది

నిన్న సాయంత్రం మా అపార్టుమెంటు మేడ మీద ఒక పుట్టినరోజు వేడుక. పాటలు పెట్టే పని నాకు అప్పగించారు. కలకత్తా పాటల బృందం మొహీనేర్ ఘోరాగులి వాళ్ల ‘పృథిబి’ పెట్టాను. పల్లవి పూర్తయిందో లేదో, వెనక నుంచి ఒక పెద్దమనిషి, "ఇది హిందీ పాటకు కాపీ కదండీ! బెంగాలీ వాళ్లు కూడా ఎత్తేశారా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇంకా చల్లారలేదు.

ఎవరిది ముందండీ? బెంగాలీ పాట 1990లలోది. హిందీ ‘భీగీ భీగీ’ పాట ఉన్న ‘గ్యాంగ్‌స్టర్’ సినిమా వచ్చింది 2006లో. ఉపగ్రహాల చేతా కేబుల్ తీగల చేతా చిక్కి ప్రపంచం కుంచించుకుపోతోందని, చివరికి ముందుగదిలోని టీవీ పెట్టెలో బందీ అయిపోయిందని అసలు పాట వాపోతుంది. హిందీవాళ్లు ఆ బాణీనే తీసుకుని తడిసిన రాత్రుల విరహం కూర్చారు. దేశమంతా ఆ విరహాన్నే గుర్తు పెట్టుకుంది. బాణీ కట్టిన గౌతమ్ చటోపాధ్యాయ్ 1999లోనే పోయాడు. ఇప్పుడు మా మేడ మీద ఆయన దొంగ!

ఆ బృందం 1970ల మధ్యలో కలకత్తాలో పుట్టింది, 1981 కల్లా విడిపోయింది. గౌతమ్ నక్సల్బరీ రోజుల్లో జైలుకు వెళ్లొచ్చినవాడు. 1977, 1978, 1979లలో ఏడాదికొకటి చొప్పున మూడు రికార్డులు తెచ్చారు, అంతే. మొదటి రికార్డు పేరులోనే కలకత్తా ఉంది, లోపల కలకత్తా మీద పాటే ఉంది. బృందం పేరు జీవనానంద దాస్ కవితలోది, కార్తిక వెన్నెల్లో మేసే మహీన్ గుర్రాలు. గిటారు, వయొలిన్, వాటి మధ్య బెంగాల్ జానపదులైన బావుల్‌ల బాణీ. ఆ రికార్డులోనే ఇంకో పాటలో కుర్రవాడు తనకు ఇష్టమైనవన్నీ చెప్పుకుంటూ పోతాడు: పికాసో, బున్యుయెల్, దాంతే, బీటిల్స్, డిలన్, బీథోవెన్, రవిశంకర్, అలీ అక్బర్. అవన్నీ అయ్యాక తెల్లవారుజామున పొగమంచులో ఇంటికి నడిచి రావడం కూడా ఇష్టమంటాడు. ఎన్నిసార్లు విన్నా అక్కడ నాకు గొంతు పట్టేస్తుంది. అప్పట్లో ఆ రికార్డులు కొన్నవాళ్లు తక్కువ. రెండు దశాబ్దాల తర్వాత కొత్త పిల్లలు వెతుక్కుంటూ వచ్చి పాడుకున్నారు. అప్పుడు గౌతమ్ వాళ్లతో కలిసి పాత బృందం పేరు మీదే తెచ్చిన పాటల్లోదే ‘పృథిబి’.

అయినా ఆ పెద్దమనిషిని అని ఏం లాభం? మనకు పాట అంటే సినిమా పాటే. పెళ్లిలో అదే, కాలేజీ వార్షికోత్సవంలో అదే, టీవీ పోటీల్లో అదే. ఊరి మీద, పొలం మీద, ఉద్యమం మీద మనకున్నంత గొప్ప పాటలు ఎవరికున్నాయి? నగరం దగ్గరికి వచ్చేసరికి చార్మినార్ పేరు, బిర్యానీ పేరు పల్లవిలో వేసి ముగించేస్తాం. హైదరాబాదు కోఠిలో పాత పుస్తకాల కోసం ఎండలో తిరిగినవాడి పాట ఏది? మృగశిర కార్తె నాడు ముషీరాబాద్ చేపల మార్కెట్లో తోపులాట మీద పాట ఏది? వాన పడితే మూసీ ఒడ్డున సామాన్లు సర్దుకునే ఇల్లాలి పాట ఏది?

రాసేవాళ్లు లేరనకండి, నేనొప్పుకోను. మా కాలనీలోనే ఇద్దరు అన్నదమ్ములు రాశారు. ఆఖరి ఎంఎంటీఎస్ తప్పిపోయి ప్లాట్‌ఫారం మీద కూర్చున్న మనిషి మీద పాట. తమ్ముడు సిమెంటు బల్ల మీద వేళ్లతో తాళం వేస్తుంటే అన్న గిటారు వాయించి వినిపించాడు. వినాయక చవితి వేదిక మీద పాడతామని కమిటీని అడిగారు. "జనానికి తెలిసిన పాట పాడండి బాబూ" అని పంపించేశారు. తెలిసిన పాటట! ఒక్కసారి కూడా పాడనివ్వకపోతే ఎలా తెలుస్తుంది? ఆ రాత్రి అదే వేదిక మీద ఒకే సినిమా పాట రెండుసార్లు వేశారు, నేను అక్కడే ఉన్నాను. తమ్ముడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. అన్న గిటారు అమ్మేశాడు.

ఈసారి కమిటీవాళ్లు చందాకు వస్తే ముందే చెప్పేస్తాను. సొంత పాటలకు ఒక గంట కేటాయించి, ఆ మాట కరపత్రంలో అచ్చు వేయించి తెండి, అప్పుడు ఇస్తాను. మీ మీ కాలనీల్లో మీరూ ఇదే అడగండి.