మీ సంచి ఎన్ని లీటర్లండీ?

పెళ్ళిచూపుల్లో గోత్రం ఎంత గంభీరంగా అడుగుతారో, ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున జన్హికుడ పడవల రేవులో ఈమధ్య లీటర్లు అంత గంభీరంగా అడుగుతున్నారు. "మీది యాభయ్యా?" "అరవై ఐదు." అంతే, అడిగినవాడు ఆడపెళ్ళివాడైపోతాడు. వీపుకు తగిలించుకునే సంచిని లీటర్లలో కొలవడమేమిటి, అందులో పాలు పోసుకొచ్చారా అని పక్కనున్నవాళ్ళెవరూ అడగరు. గంజాం వైపు మనుషులు మర్యాదస్తులు.

ఈ శాస్త్రం తెలియనివారికి రెండు ముక్కలు. మూడు నాలుగు రోజుల తిరుగుడికి నలభై లీటర్ల సంచి ధారాళంగా సరిపోతుంది. రెండు జతల బట్టలు, తువ్వాలు, చెప్పులు, మందులు, నీళ్ళసీసా పట్టగా ఇంకా ఒక కిలో జీడిపప్పుకు చోటుంటుంది. అరవై ఐదు దాటిందంటే లోపల గుడారం, స్లీపింగ్ బ్యాగు ఉన్నాయని లెక్క. చొక్కా వీపుకంటుకుపోయే మే నెలలో చిలికా ఒడ్డున స్లీపింగ్ బ్యాగు ఏ చలికి నాయనా అంటే, "ఏమో, ఎప్పుడేం అవసరపడుతుందో" అంటారు. పైన ఆకుపచ్చ రెయిన్‌కవరు, బయట నాలుగు మెరిసే కొక్కేలు, వాటికి వేలాడే స్టీలు గ్లాసు. మనిషి నడుస్తుంటే వీధిలోకి గంగిరెద్దు వచ్చినట్టుంటుంది. పిల్లలు నిజంగానే బయటికొచ్చి చూస్తారు.

ఇంత సరంజామా మోసుకుని ఎందుకొచ్చారయ్యా అంటే, తోటి ప్రయాణికులను కలవడానికట. చెప్పుకోవాల్సిందంతా ఈ మాట దగ్గరే ఉంది.

ముందు పడవ సంగతి. జన్హికుడ నుంచి అవతల సాతపడకు ఫెర్రీ నడుస్తుంది. గంజాం నుంచి పాలూరు, మాలుద మీదుగా వచ్చేవాళ్ళకు పూరీ వెళ్ళడానికి ఇది అడ్డదారి. వద్దనుకుంటే బాలుగాం, ఖుర్దా చుట్టూ తిరగాలి. రోజుకు కొన్ని ట్రిప్పులే కాబట్టి కార్లు, మోటారు సైకిళ్ళు, తట్టలు, మేకలు, పెళ్ళివారు అందరూ దానికే వస్తారు. వీపు సంచిగలవారు ఎక్కేముందు చెయ్యాల్సిన పనొకటుంది, చెయ్యరు. నడుం బెల్టు, ఛాతీ పట్టీ విప్పుకోవాలి. కాలుజారి నీళ్ళలో పడితే బిగించిన సంచి మనిషిని వదలదు, తడిసినకొద్దీ కిందికి లాగుతుంది. విప్పాక సంచిని దించి ముందుకు పట్టుకోవాలి. ఇది మనకోసం కాదు, పక్కవాళ్ళకోసం. వీపున అడుగున్నర పొడుచుకొచ్చిన సంచి ఉన్నవాడికి, తన వెనక తానే ఇంకొకడు నిలబడి ఉన్నాడన్న సంగతి గుర్తుండదు. ఎవరో "అదిగో డాల్ఫిన్" అనగానే గిర్రున తిరుగుతాడు. ఆ వెనకున్న రెండోవాడు ఓ పెద్దాయన కళ్ళజోడు పట్టుకుపోతాడు.

చూస్తే డాల్ఫిన్ ఉండదు. ఇక్కడివి ఇరావతి డాల్ఫిన్లు. తల గుండ్రం, ముట్టె ఉండదు, సినిమాల్లోలా గాల్లోకి ఎగరవు. నల్లటి వీపు ఒక్క క్షణం నీటిపైకి వచ్చి మునిగిపోతుంది. సంచివారు దీన్ని మోసంగా భావిస్తారు.

ఇప్పుడు అసలు ఘట్టం. పడవలో అరవై మంది ఉన్నారనుకోండి. పూరీలో పెళ్ళికి పోతున్న కుటుంబం, ప్లాస్టిక్ కవరులో కోర్టు కాయితాలు పెట్టుకున్న ఆయన, సైకిలుకు మంచం కట్టుకొచ్చినవాడు, చేపల తట్ట పక్కన బాసింపట్టు వేసుకున్న ముసలమ్మ. అరవై మందీ ప్రయాణికులే, టిక్కెట్టు కొన్నవాళ్ళే. సంచివాడి చూపు వీళ్ళందరినీ దాటుకుంటూ పోయి పోయి, అటు చివర రెయిలింగుకు ఆనుకున్న మరో అరవై ఐదు లీటర్ల దగ్గర ఆగుతుంది. ముఖం వికసిస్తుంది. తోటి ప్రయాణికుడు దొరికాడు!

ఇక ఇంగ్లీషు మొదలు. ఎన్ని రోజుల నుంచి "ఆన్ ద రోడ్డు" అని ఒకడడుగుతాడు. మూడు వారాలని రెండోవాడు గర్వంగా చెబుతాడు. మన భాషలో రోడ్డున పడ్డాడంటే ఇల్లు గడవడం లేదని అర్థం. ఇతనికి అది డిగ్రీ. తర్వాత హంపి అయిందా, గోకర్ణ అయిందా, వర్కల అయిందా అని పాఠాలు అప్పజెప్పుకుంటారు. అయిందట. ఊళ్ళు కూడా టీకాల్లా అయిపోతాయి వీళ్ళకి. చివరికి ఈ చిలికా అసలు ఎవరికీ తెలియని చోటని ఇద్దరూ ఒప్పందానికొస్తారు. అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల పట్టీ అయిన రామ్‌సార్ జాబితాకు 1981లోనే ఎక్కిన సరస్సు ఇది. మన దేశం నుంచి మొట్టమొదట ఆ జాబితాలో చేరిన రెండింటిలో ఒకటి. దీని చేపల మీద మూడు జిల్లాలు బతుకుతున్నాయి. ఎవరికీ తెలియదు పాపం.

ఇరవై నిమిషాల ఇంగ్లీషు తర్వాత, సంచి సర్దుకోబోయి ఒకడి వేలు బకిల్లో ఇరుక్కుంటుంది. "ఓరి నాయనో!"

నిశ్శబ్దం. ఇంజను చప్పుడు.

"మీరు... తెలుగా?"

"గాజువాక."

"మాది అనకాపల్లి."

ఆ రెండు ఊళ్ళ మధ్యా సిటీ బస్సు తిరుగుతుంది. ఆ బస్సులో ఎదురెదురు సీట్లలో కూర్చున్నా ఒకడి ముఖం ఒకడు చూడడు, ఫోను చూసుకుంటాడు. ఒకరినొకరు కనుక్కోవడానికి రాష్ట్రం దాటి, రైలెక్కి, పడవెక్కి, వేలు నలగ్గొట్టుకోవాల్సి వచ్చింది. విచిత్రమేమిటంటే ఆ తర్వాతి సంభాషణ కూడా ఇంగ్లీషులోనే సాగుతుంది. తెలుగులో అయితే తాము మామూలు మనుషులమని బయటపడుతుందని భయం కాబోలు.

చేపలమ్మ తట్ట మీద గోనె సర్దుతూ అంటుంది: "ఎక్కినపుడే అనుకున్నాను బావూ తెలుగోళ్ళని. సంచి దించి అమ్మయ్య అన్నావు గదా."

ఆమెకు తెలుగెలా వచ్చని ఇద్దరూ నోళ్ళు తెరుస్తారు. గోపాలపురం నుంచి పూరీ పెంఠకట దాకా సముద్రపొడుగునా బెస్తపాలేల్లో తెలుగు మాట్లాడతారు. ఒడియావాళ్ళు నోళియాలంటారు వాళ్ళని. తరాల కిందట మన తీరం నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు. పడవలో అందరికంటే దూరం ప్రయాణం చేసిన వంశం ఆమెది. ఇద్దరూ ఆమెకు ఫొటో తీస్తారు. దాని కింద ఏం రాస్తారో మీకు తెలుసు, నాకు తెలుసు: స్థానిక ఒడియా మహిళ.

రైల్లోనూ ఇదే తంతు. బరంపురం నుంచి భువనేశ్వర్ వైపు పోయేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకుంటే రంభ దాటాక చిలికా కనిపిస్తుందని వీళ్ళకు ముందే తెలుసు. ఆ కిటికీ దగ్గర ఊరి నుంచి వస్తున్న ముసలాయన కూర్చుంటే, "అంకుల్, కొంచెం అడ్జస్ట్ అవుతారా" అంటారు. ఆయన అడ్జస్టవుతాడు. నలభై ఏళ్ళుగా అదే పని చేస్తున్నాడు. తోటి ప్రయాణికులను కలపడానికి రైల్వేవారు పెట్టిన ఒకే ఒక అధికారిక పథకం ఆర్ఏసీ. సైడు లోయరు ఒక్కటి, మనుషులిద్దరు. పగలు ఎదురెదురుగా మోకాళ్ళు తగిలించుకుని కూర్చోవాలి. రాత్రి రెండు సీట్లనూ వాల్చి పడకగా కలిపి, ఒకడు అటు తల, ఒకడు ఇటు తల పెట్టుకోవాలి. ఎదుటివాడి పాదాలు మీ నడుం దగ్గరుంటాయి. ఇంతకంటే గాఢమైన పరిచయం ప్రపంచంలో ఏ హాస్టల్లోనూ దొరకదు. మరి ఆర్ఏసీ వచ్చిందంటే ఈ పరిచయప్రియులు ఏడుపు ముఖం పెట్టి టీటీ వెంట పడతారెందుకో.

నవ్వుకోడానికి ఇంతవరకే.

అదే బరంపురం ప్లాట్‌ఫారం మీద సూరత్ వైపు పోయే బండి కోసం కుర్రాళ్ళు రాత్రి నుంచే వరసలో కూర్చుంటారు. గంజాం జిల్లా ఊళ్ళ నుంచి మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టులు చెయ్యడానికి పోయేవాళ్ళు. 2025 సెప్టెంబరు 27న బరంపురం నుంచి సూరత్ పక్కనున్న ఉధ్నాకు అమృత్ భారత్ రైలు మొదలుపెట్టారంటే, ఇంకే ఊరూ దొరక్క కాదు. జనరల్ పెట్టెలో సీట్లు వందకు అటూ ఇటూ. ఎక్కేవాళ్ళ సంఖ్య మీరే ఊహించుకోండి. పైన సామాను కమ్మీలకు దుప్పటి నాలుగు కొసలూ కట్టి ఉయ్యాల చేసుకుని అందులో నిద్రపోతారు. కింద మరుగుదొడ్డి గుమ్మంలో ఒకడు మోకాళ్ళ మీద తలపెట్టుకుంటాడు. 2020 మేలో, లాక్‌డౌన్‌లో, సూరత్ నుంచి శ్రామిక్ రైళ్ళలో తిరిగొచ్చిందీ వీళ్ళే. మళ్ళీ వెళ్ళిందీ వీళ్ళే.

ఏసీ బోగీలోంచి దిగొచ్చిన సంచివాడు ఆ కిటికీ ఊచల్లోంచి ఫోను లోపలికి పెట్టి, "అసలైన ఇండియా ఇదీ" అని వ్యాఖ్యానం చెబుతాడు. ఒరే, తియ్యరా ఆ ఫోను! వాడు ఇరవయ్యేళ్ళవాడు, అమ్మ కట్టిచ్చిన అటుకుల మూట ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు, ఎక్కింది మొదలు నీళ్ళు తాగడం లేదు, ఎందుకంటే లేస్తే చోటు పోతుంది. ఏ ఊరని అడిగావా? ఎన్నేళ్ళ నుంచి పోతున్నావని అడిగావా? వాడి సంచి కూడా ఎన్ని లీటర్లో అడుగు. అది యూరియా బస్తా.

పడవల మీద మోజూ ఇలాంటిదే. ఒడిశాలోనే మల్కనగిరి జిల్లా చిత్రకొండ దగ్గర బలిమెల జలాశయం కట్టాక 151 ఊళ్ళు అవతల ఉండిపోయాయి. దశాబ్దాలపాటు లాంచీ, నాటుపడవ తప్ప దిక్కులేదు. 2018 జులై 26న 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరిచారు. ఇప్పుడు అక్కడికి బైకుల మీద పోయి, వంతెన వచ్చాక పాత ఫెర్రీ ఫీల్ పోయిందని నిట్టూర్చేవాళ్ళున్నారు. నొప్పులు పడుతున్న మనిషిని ఒడ్డున పడుకోబెట్టి లాంచీ కోసం చూస్తే తెలుస్తుంది ఫీలంటే ఏమిటో. సిగ్గుండాలి.

సరే, సాతపడ వచ్చింది. ఇద్దరు సంచివారూ ఇన్‌స్టా ఐడీలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. చేపలమ్మ తలమీద గుడ్డను చుట్టకుదురులా పెట్టుకుని గొంతుక్కూర్చుని అటూ ఇటూ చూస్తోంది. తట్ట ఒక్కరే తలకెత్తుకోలేరు. ఎదురుగా ఇంకొకరు కావాలి. ఒక చెయ్యి తట్ట అడుగున, ఒక చెయ్యి అంచు మీద ఉంచాలి. ఆమె "ఊఁ" అనగానే ఇద్దరూ ఒకేసారి లేపాలి, లేకపోతే ఒరిగి చేపనీళ్ళు మోచేతి దాకా కారతాయి. గుండె ఎత్తుకొచ్చాక ఒక్క ఊపు, తలకెక్కుతుంది. అరనిమిషం పని. నీసు వాసన మాత్రం కొత్త సంచికి పట్టిందంటే నాలుగు రోజులు వదలదు. రెయిన్‌కవరు తెచ్చుకున్నారుగా, తొడగండి.