ఇంజన్ వదిలే వేడి అంతా ఇంజనీర్ల చేతకానితనం కాదు

హైస్కూలు, ఇంటర్ విద్యార్థుల మధ్య, కొందరు ఉపాధ్యాయుల మధ్య కూడా విస్తృతంగా తిరుగుతున్న వాదన ఒకటి ఉంది. దాని సారాంశం ఇది: "పెట్రోలు ఇంజన్ ఇంధనంలోని శక్తిలో 30 శాతాన్నే పనిగా మారుస్తుంది, మిగతా 70 శాతం ఘర్షణకు, తయారీదారుల నిర్లక్ష్యానికి పోతుంది. శక్తి నశించదు కాబట్టి 100 శాతం దక్షత గల ఇంజన్ సాధ్యమే. థర్మల్ విద్యుత్ కేంద్రాలు ఆవిరిలోని వేడిని అనవసరంగా నదుల్లోకీ గాలిలోకీ వదిలేస్తున్నాయి. వేడితో నడిచే ఇంజన్ల దక్షతకు హద్దు చెప్పే కార్నో సూత్రం ఎక్కడా లేని యంత్రానికి కట్టిన లెక్క. విద్యుత్ మోటారు 90 శాతం దక్షతతో నడవడమే ఇందుకు రుజువు." ఇందులో 30, 90 అన్న అంకెలు దాదాపు సరైనవే. వాటికి చెప్పిన కారణాలు మాత్రం తప్పు, ఆ తప్పు ఉష్ణగతిక శాస్త్రపు రెండో నియమాన్ని (పదే పదే తిరిగే ఏ ఇంజనూ తీసుకున్న వేడినంతా పనిగా మార్చలేదన్నది) పిల్లలకు అందకుండా చేస్తుంది.

ముందుగా ఘర్షణ సంగతి. పెట్రోలు ఇంజన్‌లో పుట్టిన వేడిలో స్థూలంగా మూడో వంతు పొగగొట్టం గుండా, ఇంచుమించు మరో మూడో వంతు రేడియేటర్ ద్వారా బయటకు పోతుంది. కదిలే భాగాల ఘర్షణకు పోయేది వీటితో పోలిస్తే చిన్న వాటా. ఘర్షణను పూర్తిగా తుడిచేసినా పొగగొట్టం చల్లబడదు.

అసలు చిక్కు మొదటి నియమాన్ని, అంటే శక్తి నశించదన్న నియమాన్ని, చదివిన తీరులో ఉంది. తీసుకున్న వేడి, చేసిన పని, వదిలిన వేడి, ఈ మూడింటి లెక్క సరిపోవాలని మాత్రమే ఆ నియమం అడుగుతుంది. వదిలే వేడి సున్నా కాగలదా అన్న ప్రశ్న దాని పరిధిలో లేదు. ఇక్కడ తరగతిలో తప్పక చెప్పవలసిన మాట ఒకటి ఉంది, చాలాసార్లు మనం దాన్ని దాటేస్తాం: ఒక్కసారికైతే వేడిని మొత్తంగా పనిగా మార్చవచ్చు. ఆదర్శ వాయువును 600 కెల్విన్ల వద్ద సమోష్ణంగా, అంటే ఉష్ణోగ్రత మారకుండా, వ్యాకోచింపజేస్తే దాని అంతర్గత శక్తి మారదు కాబట్టి, అది తీసుకున్న వేడి అంతా పిస్టన్‌ను నెట్టే పని అవుతుంది. ఆ వ్యాకోచంలో 600 జౌళ్ల పని వచ్చిందనుకుందాం. ఇంజన్ అనిపించుకోవాలంటే పిస్టన్ వెనక్కి రావాలి, వాయువు మొదటి స్థితికి చేరాలి. అదే 600 కెల్విన్ల వద్ద వెనక్కి నొక్కితే వచ్చిన 600 జౌళ్లూ తిరిగి ఖర్చయిపోతాయి, మిగిలేది ఏమీ లేదు. వాయువును 300 కెల్విన్లకు చల్లార్చి అంతే నిష్పత్తిలో నొక్కితే 300 జౌళ్లే ఖర్చవుతాయి, ఎందుకంటే సమోష్ణ ప్రక్రియలో పని పరమ ఉష్ణోగ్రతకు అనులోమంగా ఉంటుంది. ఈ రెండు దశలనూ కలిపే స్థిరోష్ణక (వేడి లోపలికీ బయటకూ పోని) వ్యాకోచ సంకోచాల పనులు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. కాబట్టి నికరంగా దక్కేది 300 జౌళ్లు, దక్షత 50 శాతం. చల్లగా నొక్కుతున్నప్పుడు వాయువు నుంచి బయటకు పోయిన 300 జౌళ్ల వేడి ఏ లోపం వల్లా జరిగిన నష్టం కాదు. పిస్టన్‌ను తక్కువ ఖర్చుతో వెనక్కి తెచ్చుకోవడానికి చెల్లించిన మూల్యం అది. ఈ ఒక్క లెక్కను నల్లబల్ల మీద నిదానంగా చేయిస్తే 1 − 300/600 అన్న కార్నో సూత్రం విద్యార్థి చేతుల్లోనే పుడుతుంది.

విద్యుత్ కేంద్రాల మీద వేసిన నిందకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం చల్లార్చుకోవడానికి కృష్ణా నీటిని, విశాఖ దగ్గరి సింహాద్రి కేంద్రం సముద్రపు నీటిని వాడుకుంటాయి. టర్బైన్ దాటిన ఆవిరిని చల్లార్చకుండా నేరుగా బాయిలర్‌లోకి నెట్టవచ్చు కదా అన్నది వినడానికి బాగుంటుంది. అయితే సాధారణ వాతావరణ పీడనం వద్ద ఆవిరి, తాను నీరుగా ఉన్నప్పటి కంటే దాదాపు 1,600 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అంత ఘనపరిమాణాన్ని బాయిలర్ పీడనానికి నొక్కడానికి టర్బైన్ ఇచ్చిన పని అంతా పెట్టినా చాలదు. నీరుగా మార్చాక పంపుకు పట్టే పని స్వల్పం. పైగా ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చే కండెన్సర్‌లో పీడనం వాతావరణ పీడనం కంటే బాగా తక్కువగా ఉండటం వల్లనే ఆవిరి టర్బైన్‌లో అంత దూరం వ్యాకోచించగలుగుతోంది. జేమ్స్ వాట్ 1769లో పేటెంట్ పొందిన విడి కండెన్సర్ కూడా చల్లార్చడాన్ని రద్దు చేయలేదు. 1712 నాటి న్యూకామెన్ యంత్రం సిలిండర్‌లోకే చన్నీళ్లు చిమ్మి ప్రతి విడతా ఆ సిలిండర్‌నే చల్లార్చి మళ్లీ వేడెక్కించేది. ఆ దుబారాను వాట్ తప్పించాడు, చల్లని చోటును మాత్రం వేరే పాత్రలో భద్రంగా ఉంచాడు.

నిజంగా తగ్గించగల వృథా లేదని నేను అనడం లేదు. గ్యాస్ టర్బైన్ వదిలిన వేడి వాయువులతో ఆవిరి పుట్టించి రెండో టర్బైన్ తిప్పే సంయుక్త చక్ర కేంద్రాలు ఆ పనే చేస్తాయి. గోదావరి తీరాన జేగురుపాడు కేంద్రం ఆ కోవలోదే. ఈ రకంలో నేటి అత్యుత్తమ కేంద్రాల దక్షత 60 శాతం దాటింది. అవి కూడా చివరకు కొంత వేడిని చల్లని చోటుకు ఇవ్వకుండా నడవవు.

కార్నో లెక్క ఊహాయంత్రానిదే, నిజం. 1824లో ఆయన అడిగిన ప్రశ్న ఏ యంత్రమూ దాటలేని హద్దు ఏదన్నది. హద్దు తెలియడానికి ఆ యంత్రాన్ని ఎవరూ కట్టి చూపనక్కరలేదు. ఆవిరి 540 డిగ్రీల సెల్సియస్‌లో, చల్లని చోటు 40 డిగ్రీల్లో ఉంటే వాటిని కెల్విన్లలోకి మార్చాక హద్దు 1 − 313/813, అంటే సుమారు 61 శాతం. బొగ్గు కేంద్రాలు వాస్తవంలో 35 నుంచి 40 శాతం దగ్గర ఉంటాయి. కార్నో యంత్రం హద్దును అందుకోవాలంటే అనంతమైన నిదానంతో నడవాలి, అప్పుడు దాని సామర్థ్యం, అంటే సెకనుకు ఇచ్చే పని, సున్నా. 1975లో కర్జన్, ఆల్‌బోర్న్ అనే భౌతిక శాస్త్రవేత్తలు వేగం కూడా కావాలనుకునే యంత్రానికి ఒక సరళమైన నమూనా ఇచ్చారు. ఉష్ణోగ్రతల నిష్పత్తికి వర్గమూలం తీసే ఆ నమూనా పై అంకెలకు 38 శాతం ఇస్తుంది. చురుకైన ఇంటర్ విద్యార్థికి ఇది చూపితే పుస్తకంలోని సూత్రానికీ విద్యుత్ కేంద్రానికీ మధ్య దూరం ఎందుకుందో అర్థమవుతుంది.

మోటారు పోలిక ఎక్కువసేపు నిలవదు. మోటారు వేడిని తీసుకోదు, విద్యుత్తును తీసుకుంటుంది. దానికి కార్నో హద్దు వర్తించదు. ఆ విద్యుత్తు బొగ్గు నుంచి వస్తే వేడిని పనిగా మార్చే కష్టం అప్పటికే విద్యుత్ కేంద్రంలో జరిగిపోయింది. విద్యుత్ వాహనాలకు అనుకూలంగా చెప్పదగ్గ బలమైన కారణాలు వేరే ఉన్నాయి, రెండో నియమం వీగిపోయిందన్నది వాటిలో లేదు.

ఈ అపోహలు పెరగడంలో మన బోధనకూ భాగం ఉంది. పరీక్షలో రెండు ఉష్ణోగ్రతలిచ్చి దక్షత కట్టమంటాం. సెల్సియస్ అంకెలను అలాగే వేసి 1 − 40/540 నుంచి 93 శాతం తెచ్చిన పిల్లవాడికి మార్కులు కోస్తాం, ఆ జవాబు ఎందుకు అసాధ్యమో చర్చించం. వేడినీటి కప్పు మీద పెడితే తిరిగే చిన్న స్టిర్లింగ్ ఇంజన్ బొమ్మ ఒక్కటి బడిలో ఉంటే చాలు. పై పలక మీద మంచు ముక్క పెట్టినప్పుడు అది మరింత వేగంగా తిరుగుతుంది. పై పలకను కూడా కింది పలకంత వేడి చేస్తే, లోపల వేడికి ఏ కొరతా లేకపోయినా ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో పిల్లలనే చెప్పమని, వారు చెప్పాకే సూత్రం రాయాలి.